పసుపు రాయకముందు

ఉషశ్రీ పోయిన రోజు ఉదయం నుంచీ మబ్బు పట్టి ఉంది. వాన మాత్రం పడలేదు. విశాఖ ఆసుపత్రి నుంచి అంబులెన్సు అనకాపల్లి చేరేసరికి బాగా పొద్దెక్కింది. మా వీధి ఇరుకు. బండి మలుపు దగ్గరే ఆగిపోతే అక్కడి నుంచి మోసుకొచ్చాం. ముందు వరండాలో చాప వేసి పడుకోబెట్టారు. జ్వరంతో వెళ్ళిన మనిషి. రక్తకణాలు పడిపోతున్నాయన్నారు, ఎక్కించారు, మళ్ళీ పడిపోయాయన్నారు. వారం తిరక్కుండా అంతా అయిపోయింది.

ఆమె అన్న సురేష్‌బాబు అప్పటికే వచ్చి ఉన్నాడు. మెయిన్‌రోడ్డు పక్క సందులో అతనికి ఫోటో స్టూడియో ఉంది. చెల్లెలి తల దగ్గర కూర్చున్నాడు. బంధువుల్లో ఎవరో, ఆఖరి ఫోటో ఒకటి తీయించాలి కదా, రాలేనివాళ్ళకి చూపించాలి కదా, అన్నారు. మా వైపు అది మామూలే. శవాన్ని ఎత్తేలోపు ఇంటిల్లిపాదీ చుట్టూ నిలబడి ఫోటో తీయించుకుంటారు. సురేష్‌బాబు లేచి స్టూడియోకి వెళ్ళి కెమెరా తెచ్చుకున్నాడు. వేరే ఎవరినైనా పిలుద్దామంటే వినలేదు.

అతను తిరిగొచ్చేసరికి ఆడవాళ్ళు గిన్నెలో పసుపు కలుపుతున్నారు. భర్త ఉండగా పోయిన మనిషికి మొహం నిండా పసుపు రాసి, పెద్ద బొట్టు పెట్టి, తలనిండా పూలు పెట్టి సాగనంపుతారు.

"పసుపు రాయకముందు ఒకటి తియ్యి బావా," అన్నాను.

అతను కెమెరా మీద ఫ్లాష్ బిగిస్తున్నాడు.

"ఫ్లాష్ వద్దు."

ఎందుకన్నానో అప్పుడు నాకు తెలియదు. ఫ్లాష్ వెలిగినప్పుడల్లా ఆమె కళ్ళు మూసుకునేది, బహుశా అందుకు. మా పెళ్ళిలో అతను "కళ్ళు ముయ్యకు చెల్లీ, ఇంకొకటి, ఇంకొక్కటి" అని అంటూనే ఉన్నాడు. ఈసారి ఆ మాట అననక్కరలేదు.

సురేష్‌బాబు ఫ్లాష్ ఊడదీసి చాప మీద పెట్టాడు. వరండా చూరు కింద నుంచి ఆకాశం వైపు చూశాడు.

"మబ్బు వెలుగు," అన్నాడు. "మొహానికి ఇంతకంటే మంచి వెలుగు దొరకదు బావా."

ఒక్కటే తీశాడు. తర్వాత పసుపు రాశారు.

*

ఉషశ్రీ నల్లగా ఉండేది. చామనఛాయ అనే మాట ఒకటుంది. సంబంధాలు కుదిర్చేవాళ్ళు తమ అవసరానికి పెంచుకున్న మాట. ఆమె గురించి చెప్పేటప్పుడు దాన్ని నేనెప్పుడూ వాడలేదు. నల్లగా, నున్నగా ఉండేది. నవ్వితే చెంప మీద కొంచెం వెలుగు నిలిచేది.

మా నాన్నగారిది బెల్లం వ్యాపారం. బెల్లానికి రంగును బట్టే రేటు. దిమ్మ తేట పసుపులో ఉంటే ఒక ధర, ఎర్రగా ఉంటే ఒక ధర, నల్లబెల్లమైతే అడిగేవాడు తక్కువ. అందుకని మా నాన్నగారు షెడ్డు నీడలోనో కొట్లో ట్యూబ్‌లైటు కిందో సరుకు చూసి ఏనాడూ రేటు చెప్పలేదు. దిమ్మను బయటికి మోయించేవారు. ఎండలో అంచు విరిచి, అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు నోరు విప్పేవారు. "లైటు కింద చూత్తే అన్నీ ఒకటో రకమేరా," అనేవారు నాతో. ఆయన నియమం ఇంకొకటి కూడా ఉంది. మచ్చు చూసి మాటిచ్చాక వెనక్కి తీసుకోకూడదు. సరుకు తేడాగా వచ్చినా సరే, మాట మాటే. మార్కెట్లో ఆయనకి ఉన్న పేరు దానివల్లే వచ్చింది.

ఉషశ్రీ ఫోటో మా కొట్టుకి వచ్చింది సాయంత్రం, తలుపులు వేసే వేళ. నాన్నగారు కవరు చింపి ట్యూబ్‌లైటు కిందే చూశారు. తెల్లటి పిల్ల. పెద్ద కళ్ళు. వాళ్ళది తుమ్మపాల, తెలిసిన కుటుంబం. కొట్లో నుంచే ఫోన్ చేసి ఆమె తండ్రికి మాట ఇచ్చేశారు. జీవితమంతా ఎండలో నిలబడి బెల్లం చూసిన మనిషి, కోడలిని మాత్రం ఎవరో వేసిన ఫ్లాష్ వెలుగులో చూశారు.

పెళ్ళిచూపులు పగలే జరిగాయి. తుమ్మపాలలో వాళ్ళ ఇంటి వెనక వసారాలో బల్లలు వేశారు. ఉషశ్రీ కాఫీ గ్లాసుల పళ్ళెంతో వచ్చి పెరటి వెలుగులో నిలబడింది. మా అమ్మ ఆమెను చూసింది, తర్వాత నాన్నగారిని చూసింది. ఆయన తలదించుకుని కాఫీ తాగారు. తిరిగి కారులో బయలుదేరాం. ఊళ్ళోకి వచ్చాక అమ్మ అంది.

"మచ్చు ఒకటి, సరుకు ఒకటి."

నాకు నచ్చింది. ఆ సంగతి చెప్పాను కూడా. దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు. నాన్నగారి మాట కోసమే ఆ పెళ్ళి జరిగిందని మా ఇంట్లో స్థిరపడిపోయింది. ఆయన పోయాక కూడా అదే చెప్పుకున్నారు.

అమ్మ ఆ మచ్చు, సరుకు మాటను వదల్లేదు. చుట్టాలు వస్తే అనేది. పాలు పొంగిపోయినా అనేది. ఉషశ్రీ ఊరుకునే మనిషి కాదు.

"నల్లబెల్లానికే కదా అత్తయ్యా, సారా కాస్తారని పోలీసులు కాపలా కాసేది," అనేది నవ్వుతూ. "తెల్లబెల్లాన్ని ఎవడు పట్టించుకుంటాడు?"

అమ్మకి కూడా నవ్వొచ్చేది. అయినా మర్నాడు మళ్ళీ అనేది.

అంత చురుగ్గా జవాబు చెప్పగలిగిన మనిషి కెమెరా ముందు మాత్రం మారిపోయేది. సురేష్‌బాబు కెమెరా ఎత్తగానే, "అన్నయ్యా, ఫ్లాష్ వెయ్యి," అనేది. పట్టపగలు మా డాబా మీద కూడా అనేది. అతను వేసేవాడు. మా అమ్మాయి యశస్విని బారసాల, అన్నప్రాశన, పుట్టినరోజులు, నూకాలమ్మ జాతరకి వెళ్ళొచ్చిన రోజు, అన్నిట్లోనూ ఆమె మొహం సున్నం కొట్టినట్టు ఉంటుంది. ఫోనులో కూడా మొహాన్ని తెల్లగా చేసేది ఏదో పెట్టుకుంది. అది లేకుండా నేను తీసిన ఫోటోలు సాయంత్రానికి నా ఫోనులో ఉండేవి కావు. అడిగితే, "చీకటిగా వచ్చాయండీ, తీసేశాను," అనేది.

*

పెద్దకర్మకి ఫోటో కావాలి. కుర్చీలో పెట్టి దండ వేయడానికి ఒకటి, వీధి మలుపులో కట్టే ఫ్లెక్సీకి ఒకటి. సురేష్‌బాబు పాత ఆల్బములన్నీ సంచీలో వేసుకొచ్చాడు. ముందుగదిలో నేల మీద పరిచాం. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటే తిప్పింది. వాటి మధ్య నుంచి విడిగా ఉన్న ఫోటో ఒకటి తీసింది. ఆ రోజు సాయంత్రం కొట్టుకి వచ్చిందే.

"ఇదిగో. ఇది పెట్టండి."

"అది వద్దమ్మా," అన్నాను.

"ఏం? దానికేటైంది? లక్ష్మీదేవిలా ఉంది."

"ఉషలా లేదు."

"ఫోటో అన్నాక ఎవరు ఎవరిలా ఉంటారురా? నీ ఆధార్ కార్డులో నువ్వు నీలా ఉన్నావేటి? గోడ దూకి పట్టుబడ్డవాడిలా ఉన్నావు."

ఇంకో రోజైతే సురేష్‌బాబు గట్టిగా నవ్వేవాడు. తల వంచుకుని ఆల్బమ్ మూసి పక్కన పెట్టాడు.

"పెళ్ళైన దగ్గర్నుంచీ మచ్చు ఒకటి, సరుకు ఒకటి అన్నావు. ఇప్పుడు నీకు మచ్చే కావాల్సి వచ్చిందా?" అన్నాను.

అమ్మ కళ్ళజోడు తీసి చీర చెంగుతో తుడుచుకుంది. "పోయినదాన్ని గురించి ఆ మాటలెందుకురా ఇప్పుడు," అంది. "నర్సీపట్నం నుంచి వత్తారు, విజయనగరం నుంచి వత్తారు. సగం మంది దాన్ని పెళ్ళిలో చూసిందే. నలుగురి కళ్ళకీ బాగుండాలి కదా. దాన్ని బాగా చూపించాలనే కదా నేననేది."

ఆమె ఆ మాట మనస్ఫూర్తిగానే అంది.

"బావా, ఫ్లాష్ లేనిది ఏదైనా ఉందా నీ దగ్గర?" అని సురేష్‌బాబుని అడిగాను.

నా వైపు చూసి, మళ్ళీ నేల చూశాడు.

"పెట్టడానికి పనికొచ్చేది లేదు బావా," అన్నాడు. "అత్తయ్యగారు చెప్పిందే కానిద్దాం. ఫ్లెక్సీవాడు ఇయ్యాలే ఇమ్మంటన్నాడు."

మర్నాటికి వీధి మలుపులో ఫ్లెక్సీ కట్టారు. మేఘాల మధ్య తెల్లటి మొహం. ముక్కు ఎక్కడ మొదలైందో తెలియదు. పేరు చూసి ఆమె అనుకోవాలి.

*

పెద్దకర్మ రోజు ముందుగదిలో కుర్చీ మీద ఆ ఫోటో పెట్టారు. బంతిపూల దండ వేశారు. వచ్చినవాళ్ళు దాని ముందు కాసేపు నిలబడి, పూలు వేసి, అమ్మ పక్కన కూర్చుంటున్నారు. యశస్విని గోడవార పీట మీద కూర్చుని ఉంది. ఆరో తరగతి చదువుతోంది. తలస్నానం చేయించి తెల్ల గౌను వేశారు.

నర్సీపట్నం నుంచి మా పెద్దత్తయ్య వచ్చింది. నాన్నగారి అక్క. ఆమెకి మనసులో ఒకటి, నోట్లో ఒకటి ఉండవు. కర్ర ఆనించుకుని ఫోటో ముందు నిలబడి, వంగి మరీ చూసింది.

"ఇదెవరే సూర్యకాంతం?" అని అమ్మని అడిగింది.

"అదేటి వదినా, ఉషశ్రీ కదూ."

"పోయింది మన నల్లపిల్ల కదే? ఈ పిల్లెవరని?"

అమ్మ లేచి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నీకు చూపు ఆనట్లేదు వదినా. ఇలా వచ్చి కూర్చో."

"మొన్ననే కదే శుక్లం తీయించుకున్నాను. సూదిలో దారం ఎక్కిత్తన్నాను," అంది పెద్దత్తయ్య. "సరేలే. ఎవరైతే ఏటి, పాపం చిన్నపిల్ల."

అని ఆ ఫోటోకే పూలు వేసింది.

తర్వాత విజయనగరం నుంచి అమ్మ తరఫు చుట్టం ఒకావిడ వచ్చింది. ఉషశ్రీని ఎప్పుడూ చూడలేదు. ఫోటో చూసి కళ్ళు ఒత్తుకుంది.

"ఎంత రంగు సూర్యకాంతమ్మగారూ! పచ్చగా, పండులా ఉంది పిల్ల. దేవుడికి కళ్ళు లేవండీ."

"అవునమ్మా," అంది అమ్మ. "బంగారం."

అన్నేళ్ళలో మా అమ్మ ఉషశ్రీని బంగారం అనడం నేను అప్పుడే విన్నాను. అది కూడా ఆమెని అనలేదు.

ఆ వచ్చినావిడ పక్కనే ఉన్న యశస్వినిని దగ్గరికి తీసుకుంది. గడ్డం పట్టుకుని మొహం వెలుగులోకి తిప్పింది. ఫోటో వైపు ఒకసారి, పిల్ల వైపు ఒకసారి చూసింది.

"తల్లి రంగు రాలేదే పాపం," అంది.

"రాలేదమ్మా," అంది అమ్మ. "ఇది మా ఆయన పోలిక. ఆయన నలుపు."

మా నాన్నగారు ఎర్రటి మనిషి. గదిలో ఆ సంగతి తెలిసినవాళ్ళు చాలామందే ఉన్నారు. ఎవరూ ఏమీ అనలేదు. పెద్దత్తయ్య మాత్రం నోరు తెరిచింది. తన తమ్ముడి మాట కదా. కానీ అమ్మ ఆమె వైపు చూడటంతో మళ్ళీ మూసుకుంది.

నేను పంచె కట్టుకుని, చేతికి దర్భ చుట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాను. లోపల పురోహితుడు పిలుస్తున్నాడు. యశస్వినికి తన తల్లి నుంచి దక్కిన రంగును అందరి ముందూ కాదనేశారు. అది ఒక్కమాటలో అయిపోయింది. పిల్ల ఏడవలేదు. పీట మీదికి తిరిగి వెళ్ళి, చేతులు గౌను కింద పెట్టుకుని కూర్చుంది.

*

కర్మలయ్యాక నేను తిరిగి బడికి వెళ్ళడం మొదలుపెట్టాను. మాకవరపాలెం హైస్కూల్లో తెలుగు చెబుతాను. పొద్దున్న బస్సు ఎక్కితే సాయంత్రానికి ఇంటికి. కుర్చీలోని ఫోటోకి ఫ్రేము కట్టించి అమ్మ ముందుగది గోడకి వేయించింది. గుమ్మంలోకి రాగానే అదే కనిపిస్తుంది.

ఒక సాయంత్రం యశస్విని నా చెప్పుల చప్పుడు విని ఎదురొచ్చింది.

"నాన్నా, స్కూల్లో ఐడీ కార్డుకి ఫోటో అడిగేరు."

"ఆదివారం మావయ్య దగ్గరికి వెళ్దాం."

"మావయ్యని ఫ్లాష్ వేసి తియ్యమంటావా? గట్టిగా. అమ్మకి వేసినట్టు."

"ఎందుకు?"

"అమ్మ రంగు వత్తాది కదా."

నేను చేతిసంచీ కింద పెట్టాను. ఆమె పక్కన గడప మీద కూర్చున్నాను.

"నీది అమ్మ రంగే యశూ."

ఆమె కాదనలేదు. మెల్లగా గోడ వైపు చూసింది. నేను చెప్పినదానికి సాక్ష్యం అక్కడ లేదు. మళ్ళీ నా వైపు చూసినప్పుడు ఆ చూపులో నామీద జాలి కనిపించింది. పెద్దవాళ్ళు తనని ఓదార్చడానికి అబద్ధాలాడతారని పిల్లకి తెలిసిపోయింది.

"మామ్మ చెప్పింది," అంది. "నేను తాతయ్య పోలికట."

"మీ అమ్మ ఎలా ఉండేదో నీకు గుర్తులేదా?"

ఆమె ఆలోచించింది. చాలా శ్రద్ధగా ఆలోచించింది.

"గుర్తుంది," అంది. "కానీ గోడ మీది చూత్తే మర్చిపోతున్నాను."

*

ఆ ఆదివారం యశస్వినిని తీసుకెళ్ళలేదు. నేనొక్కడినే వెళ్ళాను. మధ్యాహ్నం స్టూడియోలో ఎవరూ లేరు. సురేష్‌బాబు కంప్యూటరు ముందు కూర్చుని ఎవరిదో పెళ్ళి ఆల్బమ్ సర్దుతున్నాడు. జరిగింది చెప్పాను. విజయనగరం ఆవిడ అన్న మాట, అమ్మ చెప్పిన జవాబు, పిల్ల అడిగింది, అన్నీ చెప్పాను. అతను చేస్తున్న పని ఆపేశాడు.

"నా వల్లే కదేటి బావా," అన్నాడు.

"అది తర్వాత. ఆ గోడ మీది ఫోటోని ఆమె రంగులోకి తే. కంప్యూటర్‌లో అవుతుంది కదా."

అతను ఆ ఫోటో తెర మీదికి తెచ్చాడు. వెలుగు తగ్గించుకుంటూ వచ్చాడు. ముందు వెనక ఉన్న తెర నీలం తేలింది. చీర అంచులో జరీ కనిపించింది. జడలో పూలు విడివిడిగా తెలిశాయి. అన్నీ వాటి రంగుల్లోకి వస్తున్నాయి. మొహం ఒక్కటే రాలేదు. తెలుపు తగ్గి, తగ్గి, బూడిద రంగులో ఆగింది. ఇంకా తగ్గిస్తే ఇంకా బూడిద.

మా ఇద్దరికీ ఒకేసారి ఒకటే గుర్తొచ్చింది. శారదా నది ఒడ్డున మూడో రోజు ఉదయం మేమిద్దరమే వంగి చితిలోంచి ఎత్తుకొచ్చాం దాన్ని. అతను మౌస్ మీద నుంచి చెయ్యి తీసేశాడు.

"ఏంటి బావా ఇది?" అన్నాను.

"చీకటిగా వచ్చినదాన్ని వెలుగులోకి తేవచ్చు బావా. చీకట్లో ఎంతో కొంత ఉంటాది. వెలుగు ఎక్కువై కాలిపోయినచోట ఏటీ ఉండదు. ఉత్త తెలుపే. అక్కడ మొహం లేదు." తెర మీద వేలు పెట్టాడు. "నేనే తీసేసేను."

ఫ్యాను తిరుగుతోంది. అతను నావైపు చూడకుండా చెప్పుకుంటూ పోయాడు.

"ఈ ఫోటో తీసిన రోజు రెండు తీసేను. ముందు ఇదిగో, ఈ గుమ్మంలో నిలబెట్టి తీసేను, ఏ లైటూ లేకుండా. ఎదురింటి గోడకి అప్పుడే సున్నం వేసేరు. ఆ గోడ మీది ఎండ వచ్చి చెల్లి మొహం మీద పడతంది. ఎంత బాగొచ్చిందనుకున్నావు! కళ్ళు అలా ఇంకెప్పుడూ రాలేదు. మా నాన్నకి చూపించేను. 'బాగుందిరా, కానీ ఇది పంపితే సంబంధం రాదు, నీ లైటు వెయ్యి' అన్నాడు. సరే అని లోపల కూర్చోబెట్టి, ఉండాల్సినదానికంటే ఎక్కువ పెట్టి వేసేను. అదే మీ ఇంటికొచ్చింది."

"మొదటిది ఏమైంది?"

"చెరిపేసేను. అదే చెరిపెయ్యమంది. 'ఉంటే ఎవరో ఒకరు చూత్తారన్నయ్యా' అంది." అతను నవ్వబోయి ఆగిపోయాడు. "మంచే చేసేననుకున్నాను బావా. సంబంధం కుదిరింది కదా అనుకున్నాను."

"నేను ఆమెను మీ పెరట్లో పగటి వెలుగులో చూసి ఒప్పుకున్నాను."

"ఆ సంగతి మాకెవరు చెప్పేరు? మీ నాన్నగారి ఫోనే కదా వచ్చింది. ఫోటో నచ్చిందన్నారాయన. అప్పట్నించీ దానికి అదే భయం. ఆ ఫోటోలో ఉన్నట్టు ఉండాలి, లేపోతే మాట పోతాదని. పట్టపగలు ఫ్లాష్ వెయ్యమంటే పిచ్చిదనుకున్నావేటి నువ్వు?"

నేను పిచ్చిదనుకోలేదు. సరదా అనుకున్నాను. ఇన్నేళ్ళూ ఆమె ఆ ఒక్క ఫోటోకి జవాబు చెప్పుకుంటూ బతికిందని నాకు తట్టలేదు. ఆ ఇంట్లో ఆమెను ఆమె రంగుతోనే కోరుకున్న మనిషి ఒకడున్నాడు. నాకది తెలుసు, ఆమెకీ తెలుసనుకున్నాను. వాళ్ళన్న చెబుతున్నదాన్ని బట్టి చూస్తే తెలియదు.

సురేష్‌బాబు మౌస్ మళ్ళీ పట్టుకున్నాడు.

"ఒక్కటి ఉంది బావా. దాని రంగుది."

నాకు అర్థమైంది. చూపించమన్నాను.

తెర మీద ఉషశ్రీ నిండుగా వచ్చింది. మా వరండా, చాప అంచు, మబ్బు వెలుగు. నుదురు, ముక్కు, పెదవులు, అన్నీ ఎక్కడివక్కడ ఉన్నాయి. చిన్నప్పుడు బావిగట్టు మీద పడిన గాటు ఎడమ కనుబొమ మీద ఉంది. దాన్ని ఏ ఫోటోలోనూ నేను చూడలేదు. చెంప మీద నవ్వినప్పుడు వెలుగు నిలిచే చోట ఇప్పుడు కూడా కొంచెం నిలిచింది. ఆ రంగు యశస్వినిది. అచ్చంగా యశస్వినిదే. కళ్ళు మాత్రం మూసి ఉన్నాయి.

ఇది గోడకి పెట్టేది కాదు. పిల్లకి చూపించేదీ కాదు.

"దీన్లోంచి రంగు తీసి ఆ ఫోటోకి ఎక్కించగలను బావా," అన్నాడు సురేష్‌బాబు. "కనుబొమ మీద గాటు కూడా పెడతాను. ఎవరూ కనిపెట్టలేరు. రెండు రోజులు టైమియ్యి."

కళ్ళు ఆ ఫోటోవి, చర్మం ఈ ఫోటోది. కళ్ళు తెరిచి ఉన్నప్పుడు లాక్కున్న రంగును, కళ్ళు మూసుకున్నాక ఆమె దగ్గర్నుంచే తీసి తిరిగి పూయడం. వద్దని నోటిదాకా వచ్చింది. గోడ వైపు చూసిన పిల్ల చూపు గుర్తొచ్చి ఆగాను.

"ఆలోచించి చెబుతాను," అన్నాను.

"నువ్వు చెప్పేదాకా దీన్ని ముట్టుకోను," అన్నాడు. నేను మెట్లు దిగుతుంటే వెనక నుంచి, "బావా, యశూని తీసుకురా. గుమ్మంలోనే తీత్తాను. లైటు వెయ్యను," అన్నాడు.

*

మొన్న మళ్ళీ మబ్బు పట్టింది. బడికి సెలవు. అమ్మ గుడికి వెళ్ళింది. యశస్విని వరండాలో కూర్చుని జడ వేసుకుంటోంది. మొహం మీద వెలుగు మెత్తగా, నీడ లేకుండా పడుతోంది. సురేష్‌బాబు చెప్పింది నిజమే. నేను ఫోను తీశాను.

"ఇటు చూడు యశూ."

ఆమె చూసింది. ఫోను వెనక ఫ్లాష్ వెలగలేదని గమనించింది. వెంటనే మొహానికి రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది.

"లైటు వెయ్యి నాన్నా."

"అక్కర్లేదమ్మా. ఇదే బాగుంటుంది."

"చీకటిగా వత్తాది."

ఆ గొంతు ఉషశ్రీది. మాట కూడా ఆమెదే. నాకు తెలిసినవన్నీ ఆ పిల్లకి చెప్పాలనుకున్నాను. నీ అమ్మ పెరట్లో నిలబడినప్పుడు నేను చూశానని, బాగుందని, ఆ వెలుగు ఇలాగే ఉందని. రెండు మాటలు చెప్పాను కూడా. చేతుల వెనక నుంచి ఆమె, "సరే నాన్నా," అంది. చేతులు తీయలేదు. కొంతసేపు ఆగి ఫోను జేబులో పెట్టుకున్నాను. ఆమె లేచి లోపలికి వెళ్ళింది. ముందుగది దాటేటప్పుడు గోడ వైపు చూసి, జడ సరిచేసుకుంది.

స్కూలువాళ్ళు ఫోటో ఇంకా రాలేదని డైరీలో రాసి పంపారు. సురేష్‌బాబు ఫోన్ చేసి ఏమనుకున్నావు బావా అని అడిగాడు. అతనికి జవాబు చెప్పలేదు. ముందుగది గోడకి తెల్లటి ఫోటోయే ఉంది. దాన్ని మార్చలేదు. యశస్విని ఫోటో ఇంకా తీయించలేదు.